సాయము పాసు పుస్తకమునకా? పత్తి సేద్యగానికా?

2025 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వమువారు తొమ్మిది దినముల వ్యవధిలో ఇంచుమించు 9 వేల కోట్ల రూపాయలను రైతు భరోసా పేర పట్టాదారుల ఖాతాలలో జమ చేసిరి. ఎకరమునకు 6 వేల రూపాయలు. ఆ దినములలో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురము కాలనీలలో ఎందరో గృహస్థుల చేతిఫోనులు మ్రోగినవి. అదే వేళ దేవరకొండ, మునుగోడు, చండూరు ప్రాంతముల ఎఱ్ఱ చెలకలలో తొలకరి పదునున పత్తి గింజ నాటుచున్న రైతులలో అనేకుల ఫోనులు మ్రోగలేదు. ఆ గింజ కొన్నవారు వారే, ఆ చేను దున్నించినవారు వారే, పంట పోయిన నష్టపడువారును వారే. అయినను ఆ భూమి పాసు పుస్తకము వేరొకరి పేర, తరచుగ హైదరాబాదులో నున్నవారి పేర, ఉన్నది. ఆ రైతులు కౌలుదారులు.

ఈ సంగతి మేము ఎల్.బి.నగర్ కూడలిని ముందుంచుకొని వ్రాయుటకు కారణము కలదు. విజయవాడ రహదారియు, నాగార్జునసాగరు రహదారియు ఈ ప్రాంతమునుండియే సాగిపోవుచున్నవి. మొదటి దారి చిట్యాల, నార్కటుపల్లి, సూర్యాపేటల మీదుగను, రెండవది ఇబ్రహీంపట్నము, మాల్, కొండమల్లేపల్లి మీదుగను పోవును. నల్లగొండ పల్లెలనుండి చదువునకో, ఉద్యోగమునకో, వ్యాపారమునకో నగరమునకు వచ్చిన కుటుంబములు బస్సు దిగిన చోటనే స్థిరపడినట్లు ఈ రెండు దారుల మొగసాలలోనే ఇండ్లు కట్టుకొన్నవి. ఇచట తండ్రి విడిచిపోయిన అయిదెకరముల చెలక గల ఉపాధ్యాయు డున్నాడు, పదవీ విరమణ సొమ్ముతో పదెకరములు కొన్న ఉద్యోగి యున్నాడు, ధర పెరుగునని ముప్పది యెకరములు కొని కంచె వేసిన వ్యాపారియు నున్నాడు. మువ్వురును ప్రభుత్వ దృష్టిలో రైతులే. దిల్‌సుఖ్‌నగర్ వసతి గృహములలో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న యువకులలో ఆ చేలను కౌలుకు చేయువారి కుమారులును కలరు. తండ్రి పత్తి అమ్మినగాని వారి గది అద్దె చెల్లదు. భూస్వామి గృహమునకును, కౌలుదారు కుమారుని గదికిని నడుమ రెండు వీధులైనను ఉండకపోవచ్చును. ఎల్.బి.నగర్ అనగా లాల్ బహదూర్ నగరము. 1965లో జవానుతోపాటు కిసానునకును జయము పలికిన శాస్త్రిగారి పేర వెలసిన పేట యిది. ఆ కిసాను ఎవడో నిర్ణయించుకొనవలసిన బాధ్యత ఈ పేటవారికి ఒకింత హెచ్చుగనే యున్నదని మా తలంపు.

రైతు బంధు 2018 మే 10వ తేదీన హుజూరాబాదునందు ప్రారంభమైనది. నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారి ప్రభుత్వము మొదట ఎకరమునకు పంటకు 4 వేలును, 2019 నుండి 5 వేలును ఇచ్చెను. 2023 చివరకు ఈ లెక్కన పంచిన మొత్తము 70 వేల కోట్లకు మించినది. దీనిలో మంచి లేదనుట అన్యాయము. అంతకు ముందు పెట్టుబడికై రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసినదే గాని సర్కారు తానుగ వచ్చి విత్తులవేళకు సొమ్ము చేతికిచ్చిన దినము లేదు. దళారి లేడు, దరఖాస్తు లేదు. సొంత భూమి దున్నుకొను చిన్న రైతుకు అది నిజముగ బంధువే యైనది.

అయితే మొదటి విడత పంచిన తీరును చదువరులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఆ వానాకాలమున సాయము చెక్కుల రూపమున గ్రామములలో పంచబడెను. చెక్కు కావలెనన్న భూస్వామి కనీసము ఒక దినము ఊరికి పోయి తన భూమి గల గ్రామమున నిలువబడవలసి వచ్చెను. ఎవరి పేర చెక్కు వచ్చినదో, ఎవరి చేతిలో నాగలి యున్నదో ఊరివారందరును చూచిరి. ఆ యేటి యాసంగిలో శాసనసభ ఎన్నికలు రాగా, ఎన్నికల సంఘమువారి నిబంధన ననుసరించి సొమ్ము నేరుగ బ్యాంకు ఖాతాలకు పోయెను. అది మొదలు ఆ పద్ధతియే నిలిచినది. ఇప్పు డా యొక్క దినపు ప్రయాణమును అక్కఱలేదు. ఊరు చూడకయే, చేను చూడకయే, ఆ యేడు చేనులో పత్తి యున్నదో తుమ్మచెట్లున్నవో యెఱుగకయే సాయము అందుకొనవచ్చును. పరిపాలన సులభమైనది, నిజమే. దానితోపాటు ఊరివారి కన్నులెదుట జరుగు పరీక్షయు తొలగినది.

రెండవ మార్పు ఇంకను లోతైనది. పూర్వము పహాణీలో పట్టాదారు గడియు, కాస్తుదారు గడియు వేరువేరుగ నుండెడివి. భూమి యెవరిదో ఒక గడి, దున్నుచున్న దెవరో మరియొక గడి చెప్పెడిది. పట్వారీలు ఆ రెండవ గడిలో చేసిన అక్రమములు తెలంగాణ రైతు మరువరానివి. లంచము తిని పేరు చేర్చుటయు, లంచము తిని కొట్టివేయుటయు నుండెను. 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనము, పిదప 2020లో వచ్చిన ధరణి, ఈ రోగమునకు మందు వెదకుటకు మారుగ ఆ గడినే తీసివేసినవి. తలనొప్పికి తల తీసినట్లు! నేడు ఏ చేను ఎవరు దున్నుచున్నారో చెప్పు హక్కు పత్రము ప్రభుత్వము వద్ద లేదు. లేనివానికి సాయమెట్లు పోవును?

ఇట్టివారు కొలదిమంది గారు. రైతు స్వరాజ్య వేదికవారు 2022లో జరిపిన సర్వేలో, పలుకరించిన రైతులలో నూటికి 36 మంది ఎంతో కొంత భూమిని కౌలుకు చేయువారుగ తేలిరి. అనగా మూడవవంతుకు పైబడినవారు. వీరికి రైతు బంధు లేకపోయెను, రైతు భరోసా లేదు. 2018 ఆగస్టులో ఆరంభమైన రైతు బీమా, రైతు మరణించిన కుటుంబమునకు 5 లక్షలిచ్చు పథకము, పట్టాదారునకే గాని కౌలుదారునకు వర్తింపదు. కేంద్రమువారి పి.ఎం. కిసాన్ ఏటికి 6 వేల చొప్పున ఇచ్చుచున్నది గాని అదియు భూమి పేరనే. బ్యాంకువారు కాగితము లేనిదే అప్పీయరు. ఒక్క నాగలి పట్టిన నేరమునకు ఇన్ని ద్వారములు మూసికొనుట మరే వృత్తిలోనైన గలదా?

పత్తి విషయమున ఈ అన్యాయము ఇతర పంటలకన్న మిక్కుటము. వరి కౌలుదారునకు కనీసము తిండి గింజలు మిగులును. పత్తిని తినలేము. నల్లగొండ జిల్లా రాష్ట్రమున పత్తి విరివిగ పండించు జిల్లాలలో ముందు వరుసనున్నది. అయిదు లక్షల యెకరములకు పైగా అచట పత్తి సాగగును. అందు పెద్ద భాగము వాననే నమ్ముకొన్న చెలక. లెక్క వేసి చూతము. అయిదెకరములు పట్టినవాడు, ఎకరమునకు 12 వేల కౌలనుకొన్నను, గింజ పడకముందే 60 వేలు చెల్లించవలెను. 2025లో 475 గ్రాముల బి.టి. విత్తుల పొట్లము ధర 901 రూపాయలు. ఎకరమునకు రెండేసి చొప్పున 9 వేల పైచిలుకు. మొలక రాక మరల విత్తినయెడల ఆ ఖర్చు రెండింతలగును. దుక్కి, ఎరువు, కలుపు, మందుల పిచికారీ. గులాబీ పురుగు దిగినయెడల మరికొన్ని పిచికారీలు. చివరకు ఏరుట. కిలోకు 10 రూపాయలకు తక్కువ కూలి లేదు గనుక క్వింటాలునకు వేయి రూపాయలు ఏరుటకే పోవును. కూలివారిది తప్పు గాదు, మంచులో నడుము వంచి దినమెల్ల ఏరువారి కష్టమున కది యెక్కువ కాదు. కాని ఆ వేయి రూపాయలను ఇచ్చువాడు కౌలుదారు, దిల్‌సుఖ్‌నగర్ పట్టాదారు కాడు. అదే అయిదెకరములకు పట్టాదారు అందుకొన్నది కౌలు 60 వేలు, వానాకాలపు భరోసా 30 వేలు, వెరసి 90 వేలు. వాన వచ్చినను సరే, రాకున్నను సరే.

అమ్మకమున సంగతి చూడుడు. 2025-26 సంవత్సరమునకు కేంద్రము పొడుగు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయల మద్దతు ధర నిర్ణయించెను. దానికి కొనవలసినది భారత పత్తి సంస్థ. తేమ నూటికి 12 వంతులు మించరాదు. ఆ యేడు అక్టోబరులో వానలు విడువలేదు. నెలాఖరున మొంథా తుపాను పగిలిన కాయమీదనే కురిసెను. తడిసిన దూది పట్టుకొని రైతు జిన్నింగు మిల్లు వాకిట నిలిచెను. దానికి తోడు కపాస్ కిసాన్ అను ఫోను యంత్రాంగమున పేరు నమోదు చేసికొన్నగాని మిల్లులోనికి రానీయరైరి, ఎకరమునకు 7 క్వింటాళ్లకు మించి కొనమని పరిమితి పెట్టిరి. నమోదునకు ఆధార్, భూమి వివరములు కావలెను. భూస్వామి పేరుననే నమోదైనచో సంకేత సంఖ్య ఆయన ఫోనునకే పోవును, పత్తి సొమ్మును ఆయన ఖాతాకే చేరును. బండి మిల్లు వద్ద, ఫోను దిల్‌సుఖ్‌నగర్‌లో! ఆయన ఫోను తీయనియెడల ఆనాటికి బేరము లేదు. విసిగిన కౌలుదారు వేయి, రెండు వేలు తగ్గించుకొని బయటి వ్యాపారికి అమ్మివేయును. మద్దతు ధర యనునది ఇట్లు కాగితము గలవానికి మద్దతై, పంట గలవానికి కాకపోయెను.

సేద్యమునకు సర్కారు సొమ్మే ఏలయని నగరమున కొందరు ప్రశ్నింతురు. వారికి మా సమాధానము వేరు. పత్తి ధర మన సంతలో పుట్టునది కాదు. అమెరికా ప్రభుత్వము తన పత్తి రైతులకు ఇచ్చిన సహాయము ప్రపంచ ధరను అణచినదని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట వ్యాజ్యము వేసి నెగ్గినది; 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి రాజీపడెను. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ యను నాలుగు ఆఫ్రికా బీద దేశములు 2003లో అదే మొఱ పెట్టుకొన్నవి. వాటికి అట్టి పరిహారము దొరకలేదు. మన దేశమునందు 2025 ఆగస్టులో పత్తి దిగుమతిపై నున్న నూటికి 11 వంతుల సుంకమును ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు వరకు పొడిగించిరి. మిల్లులకు చౌక దూది కావలెనన్న ఆ చౌక వెల నల్లగొండ చేనుమీదనే పడును. కావున పత్తి రైతునకు సాయము దానము కాదు, తగిలిన దెబ్బకు పరిహారము. దెబ్బ తగిలినది ఎవరికో వారికే అది చెందవలెనన్నదే మా వాదము.

ఇక భూస్వాముల భయము. దానిని మేము తేలికగ త్రోసివేయము. దిల్‌సుఖ్‌నగర్‌లో నున్న అయిదెకరముల ఉపాధ్యాయుడు దేశముఖు గాడు. కాని 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టము ఆయన తండ్రితాతల కాలపు జ్ఞాపకముగ ఇంకను ఇంటనున్నది. రక్షిత కౌలుదారు అను మాట వినినంతనే భూమి పోవునను దిగులు. ఆ చట్టము ఆ నాటికి అవసరమే. 1949లో జాగీర్ల రద్దుతోపాటు అదియు రాకున్న తెలంగాణ పల్లె ఊపిరి పీల్చుకొనెడిది కాదు. నేటి కౌలు ఆనాటి కౌలు గాదు. నాడు వందల యెకరముల దొరవద్ద బీదవాడు కౌలు పట్టెను. నేడు నగరపు గుమాస్తావద్ద ఊరి రైతు ఏడాదికో, రెండేండ్లకో కౌలు పట్టుచున్నాడు. ఇచట ఒకరి భూమి యొకరు హరింపవలసిన పనిలేదు.

ఇందుకు దారి క్రొత్తగ వెదుకనక్కఱలేదు. 2011లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూ అధీకృత సాగుదారుల చట్టమును చేసినది. దాని ప్రకారము కౌలుదారు దరఖాస్తు పెట్టుకొనును, గ్రామసభలో విచారింతురు, ఒక యేటికి చెల్లు రుణ అర్హత కార్డు ఇత్తురు. ఆ కార్డువలన భూమిపై ఏ హక్కును రాదని చట్టమే చెప్పుచున్నది. ఉపాధ్యాయుని భూమి భద్రము, సేద్యగాని సాయము భద్రము. రాష్ట్రము వేరైన పిమ్మట తెలంగాణమున ఆ కార్డుల సంగతి క్రమముగ మూలపడెను. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారు హక్కుల చట్టము చేసిరి; పదునొకండు మాసముల ఒప్పందమునకు పత్రమిత్తురు. అయితే దానికి భూస్వామి అంగీకారము కావలెనన్నారు. పిల్లి మెడలో గంట ఎలుకనే కట్టుమన్నట్లైనది. సంతకమునకు వెనుదీసిన భూస్వాము లనేకులు. పత్రము రాని కౌలుదారు లంతకంటె ఎక్కువ. ఆ విషయమున 2011 చట్టమే మేలని మా నిశ్చితాభిప్రాయము. ఒడిశాలో 2018 చివర ప్రకటించిన కాలియా పథకమున భాగస్వామ్య రైతులకును, భూమి లేని కూలీలకును చోటిచ్చిరి. చేయవలెనన్న చేయవచ్చునని దీనివలన తేలుచున్నది.

ఇప్పటి ప్రభుత్వమువారు 2023 ఎన్నికల వేళ భూమిగల రైతునకును, కౌలు రైతునకును ఏటికి ఎకరమునకు 15 వేలిత్తుమని మాటయిచ్చిరి. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైనప్పుడు ఆ 15 వేలు 12 వేలైనది. కౌలు రైతు కనబడలేదు. గుట్టలు, గనులు, ఇండ్ల స్థలములుగ మారిన భూములను పట్టికనుండి తీసివేయ నిశ్చయించిరి; ఇది మెచ్చదగినదే. అదే దినమున భూమి లేని ఉపాధి హామీ కూలీ కుటుంబములకు ఏటికి 12 వేలని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రారంభించిరి, ఇదియు మెచ్చదగినదే. కాని ఈ రెండింటి నడుమ కౌలుదారు నలిగిపోయెను. అరయెకరము సొంతము గలిగి ఆరెకరములు కౌలుకు చేయువాడు అరయెకరమునకు సాయము పొంది, భూమి గలవాడని కూలీ సాయమునకును దూరమగును. కౌలుదారును గుర్తించుట కష్టమన్న మాట మేము నమ్మజాలము. 2023 మార్చిలో వడగండ్లవానకు పంటలు పోయినప్పుడు ఎకరమునకు 10 వేల పరిహారము ప్రకటించుచు, కౌలుదారునకును అందవలెనని నాటి ముఖ్యమంత్రియే చెప్పిరి. పోయిన పంట యెవరిదో గ్రామమున తెలియునప్పుడు, వేసిన పంట యెవరిదో తెలియదా? ప్రతి యేటను వ్యవసాయ విస్తరణాధికారి చేను చేను తిరిగి పంట వివరములు వ్రాయుచునే యున్నాడు. ఆ పుస్తకమున సేద్యగాని పేరునకు ఒక గడి గీయుటయే కావలసినది.

ఇచట ఒక్క చిక్కును దాచుట ధర్మము గాదు. సాయము కౌలుదారునకే ఇచ్చినను, ఆ మేరకు కౌలు పెంచివేసిన లాభమేమి? అమెరికాలో 1996 నుండి 2014 వరకు పంటతో నిమిత్తము లేక పూర్వపు విస్తీర్ణమునుబట్టి సొమ్ము పంచిరి. సేద్యగానికి చేరిన దానిలో కొంత భాగము కౌలు పెరుగుదల రూపమున మరల భూస్వామికే పోయెనని అచటి ఆర్థిక శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన పల్లెలలోను ఆ భయము లేకపోలేదు. కావున గ్రామసభలో కౌలుదారు పేరుతోపాటు కౌలు మొత్తమును వ్రాయవలెను. మద్దతు ధరకు అమ్ముకొను హక్కు, బ్యాంకు అప్పు, బీమా, మూడును ఆ పత్రముతోనే ముడివడవలెను. 2020లో కేంద్ర పంట బీమానుండి తొలగిన తెలంగాణ ప్రభుత్వము దానికి మారుగ కౌలుదారునకు ఏమి చూపినది? పెట్టుబడి సాయమొక్కటియే ఇచ్చిన అది కౌలులో కరగును. ఈ మూడును తోడైన కరగదు, ఏలయన అవి చేతికి చేతికి మారునవి కావు.

శాసనము వచ్చువరకు పఠనాలయములలో ఈ పత్రిక చదువు పట్టాదారులు చేయదగినది కొంత కలదు. చట్టము అడ్డుపెట్టని పనులే ఇవి. వానాకాలమున ఖాతాలో పడిన ఎకరపు 6 వేలను కౌలులో తగ్గించి పుచ్చుకొనవచ్చును. ధనికులు సాయమును స్వచ్ఛందముగ వదలుకొనవచ్చునని 2018లోనే చెప్పిరి. వదలినది ఖజానాకు పోవుటకంటె చేను చేయువానికి చేరుట మేలు. విస్తరణాధికారి పంట వ్రాయు దినములలో, ఈ చేను ఫలానావారు చేయుచున్నారని ఒక చీటి వ్రాసి పంపవచ్చును. దానివలన పట్టా చెక్కు చెదరదు. పత్తి అమ్మకపు నెలలలో కౌలుదారు ఫోను చేసినప్పుడు తీసి సంకేత సంఖ్య చెప్పవచ్చును. సొమ్ము ఖాతాకు వచ్చిననాడే, ఆ సంజనే, అతనికి పంపివేయవచ్చును. ఇట్లు చేయుచున్న సజ్జనులు మన పేటలలో లేకపోలేదు.

ప్రభుత్వమువారిని మేము కోరునది తేదీతో కూడినది. వానాకాలపు విత్తులు పడుటకు పూర్వము, ఏప్రిల్, మే నెలలలో, ప్రతి గ్రామమునను సభ జరిపి సాగుదారుల పట్టిక వ్రాయవలెను. పంచాయతీ గోడమీద దాని నంటింపవలెను. అభ్యంతరములకు పదునైదు దినముల గడువీయవలెను. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, మునుగోడు మండలములలో మొదట చేసి చూచినను చాలును. అచట పత్తియు మెండు, కౌలును మెండు, హైదరాబాదులో నుండు పట్టాదారులును మెండు. ఆ పట్టిక ప్రతిని ఎల్.బి.నగర్, సరూర్‌నగర్ కార్యాలయములలోను ఉంచినయెడల, తమ భూమిపై ఎవరి పేరు వ్రాసిరోయను దిగులుగలవారు బస్సెక్కకయే చూచుకొందురు.